సరస్సుకి ఒక చుట్ట దూరం

"నాలుగింటికల్లా దొంగ పేరు నా బల్ల మీదుండాలన్నాడమ్మా దొర. లేకపోతే రేపట్నించి నన్ను రావొద్దన్నాడు. గురువారం ఓడకి నీ టిక్కెట్టు కూడా రద్దే."

ఎర్నెస్ట్ తడిసిన కోటు విప్పకుండానే రెండు పుస్తకాలు చాప మీద పడేశాడు. బోటాటౌంగ్ రేవు మీంచి వాన ఏటవాలుగా కొడుతోంది. గోడ గడియారం పన్నెండున్నర దాటింది.

గుమ్మం పక్కన కూర్చున్న మేరమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ ఆమెది. శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళ అలవాటు. రంగూన్ వచ్చి ముప్పయ్యేళ్ళయినా, మూడుసార్లు సముద్రం దాటినా అది పోలేదు.

"ఆయా కతలు దొంగతనం సేసినోడెవుడ్రా? ఆడికేటి పనీ పాటా లేదా?"

"నవ్వులాట కాదమ్మా. ఇది చూడు."

మొదటి పుస్తకం ఎర్నెస్ట్ పనిచేసే ట్రెన్లీ యాత్రా కంపెనీది, ఆయాగా సీమ తిరిగిన మేరమ్మ రాతపుస్తకం చూసి తయారుచేసింది. సెలవు మీద సీమకి వెళ్ళే దొరలు మార్సేల్స్‌లో ఓడ దిగి, దారిలో ఏ ఊళ్ళో రెండు రోజులు, ఏ సరస్సు ఒడ్డున మూడు రోజులు గడపాలో చెప్పే చిన్న పుస్తకం. గురువారం విడుదల కావాలి. రెండోది పోటీకి దిగిన ఎదురు కంపెనీది. నిన్ననే పబేడాన్ బజారు దుకాణాల్లోకి వచ్చేసింది.

రెంట్లోనూ అవే ఊళ్ళు. అదే వరస. మార్సేల్స్‌లో కొండ మీది గుడి, అన్నెసీలో ఇళ్ళ మధ్య పారే కాలవలు, లూసర్న్‌లో కప్పున్న చెక్క వంతెన, రాతిలో చెక్కిన ఏడుపుమొహం సింహం. అంతవరకూ ఎవరైనా రాయగలరు. కానీ లూసర్న్ సరస్సు పక్క కొండ మీద అక్రోటు చెట్టు కింద ఓ బల్ల ఉంది. ఆ పక్కింటి పాలావిడ పసిపిల్లలకి పాలు వెచ్చబెట్టి ఇస్తుంది. ఆ బల్ల కూడా రెండు పుస్తకాల్లోనూ ఉంది.

"ఆ బల్ల సంగతి నాకూ, ఆ పాలామెకీ, దేవుడికీ తప్ప ఎవులికీ తెల్దు," అంది మేరమ్మ.

"దొర కూడా అదే అన్నాడు. పాలావిడ అమ్మలేదు, దేవుడు అమ్మలేదు, కాబట్టి నువ్వే అమ్మావన్నాడు."

వంటింట్లోంచి ఆలిస్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అన్నయ్య మొహం చూసి ఏదో అడగబోయింది.

మెట్ల మీద దగ్గు వినిపించింది.

మేరమ్మ చటుక్కున చుట్టని నీళ్ళున్న కొబ్బరిచిప్పలో ముంచి, చిప్పని పీట కిందికి తోసేసింది. పైట తల మీదికి లాక్కుంది. కూతురి పెళ్ళయిన ఆరేళ్ళలో ఆవిడ అల్లుడి ఎదట ఒక్కసారి కూడా చుట్ట కాల్చలేదు. ఆయన దగ్గితే చాలు, చుట్ట మాయం.

జ్ఞానదాసు గొడుగు దులిపి లోపలికి వచ్చాడు. మిషను బడిలో ఇంగ్లీషు పంతులు. గంజి పెట్టిన కోటు, జేబులో రెండు కలాలు. వానకి బడి తొందరగా వదిలేశారట.

ఎర్నెస్ట్ చెప్పిందంతా నిలబడే విన్నాడు. పుస్తకాలు ముట్టుకోలేదు.

"ఇందులో ఇంత ఆలోచించవలసింది ఏముంది?" అన్నాడు. "కింద గదిలో ఎవరుంటున్నారు? అప్పారావు. మీ అమ్మగారి రాతపుస్తకం ఉండే పెట్టెకి తాళం ఉందా? లేదు. రోజూ పైకి వచ్చేదెవరు? అతనే."

"బావగారూ! అప్పారావు మావఁకి అక్షరమ్ముక్క రాదు."

"చదవక్కర్లేదయ్యా. తీసుకెళ్ళి చదివేవాడి చేతిలో పెడితే చాలు. ఎదురు కంపెనీ సామాను దించేది అతని కూలీలే కదా."

"నా పేరు ఇనపడ్డాది," అంటూ అప్పారావు మెట్లెక్కి వచ్చాడు. రేవులో నలభైమంది కూలీల మీద మేస్త్రీ. నల్లటి బుర్రమీసాలు, మెడలో రేవువాళ్ళిచ్చిన ఇత్తడి బిళ్ళ. "బోయినానికా, బందికానాకా?"

ఎవరూ నవ్వలేదు.

"ఏటప్పా, ఏటయ్యింది?"

జ్ఞానదాసే చెప్పాడు, పాఠం చెప్పినట్టు. అప్పారావు మీసం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"పంతులుబాబూ, సంతకానికి ఏలిముద్దర ఏసేటోణ్ణి. నానా మీ పుస్తకం అమ్మీసినాను?"

"పోలీసులు అడిగితే అన్నీ అవే బయటికొస్తాయి."

"పోలీసులు గుమ్మంలోకొచ్చిన రోజునే ఈ బిళ్ళ ఊడబెరికేస్తారు బాబూ. నాను దొంగనా కాదా అన్నది తరవాత సంగతి."

ఎర్నెస్ట్ లేచాడు. "ఈ ఇంట్లో ఆ మాట అనొద్దు బావగారూ. మీకు మొదట్నించీ ఈ ప్రయాణమే ఇష్టం లేదు. ఇంగ్లీషొచ్చిన నేనుండగా ఆయాని పంపుతారా అని మొన్న చర్చి ముందు నలుగుర్లో అన్నారు."

"అన్నాను. తప్పేముంది? యూరపు చూపించడానికి చదువుకున్నవాడు కావాలి, పిల్లల్ని ఎత్తుకున్నావిడ కాదు. దొర ఆలిస్‌ని కూడా తోడు పంపమన్నాడు. నా భార్య ఎక్కడికీ రాదని చెప్పాను. అదీ తప్పేనా?"

ఆలిస్ తల దించుకుంది. మేరమ్మ పైట చెంగు ముడి విప్పి, మడతపెట్టిన కాగితం ఒకటి తీసింది. ఓడ టిక్కెట్టు రసీదు.

ముగ్గురు ముసలి దొరసానులు గురువారం బయల్దేరుతున్నారు. రెండు రోజులు మార్సేల్స్, మూడు రోజులు అన్నెసీ, నాలుగు రోజులు లూసర్న్. దారి చూపడానికి మేరమ్మే కావాలని పట్టుబట్టారు. ఇంతకుముందు మూడుసార్లు వెళ్ళినప్పుడు టిక్కెట్టు మీద ఫలానా దొరగారి ఆయా అని ఉండేది. ఈసారి మేరీ అని ఆవిడ పేరే ఉంది.

"ఈ కాగితం దొరకి ఇచ్చీరా ఒరే," అంది కొడుకుతో. "పుస్తకం నానే తెలీక ఎవులికో ఇచ్చీసినానని సెప్పు. ఆడి మీదకి ఎల్లకండి. నాను ఎల్లకపోతే ఆ సెరువు ఎండిపోద్దేటి?"

"అమ్మా!"

"ఆవిడ మాట దొర నమ్మడు," అన్నాడు జ్ఞానదాసు. "నేనూ వస్తాను. ఇంగ్లీషులో చెప్పవలసిన తీరు ఒకటుంటుంది. వీధి చివర లంచా రిక్షాలు ఉన్నాయేమో చూస్తాను. ఈ వానలో నడవలేం."

గొడుగు తీసుకుని దిగిపోయాడు. అప్పారావు ఏదో గొణుక్కుంటూ ఆయన వెనకే దిగాడు. ఎర్నెస్ట్ పొడి చొక్కా కోసం లోపలి గదిలోకి వెళ్ళాడు.

తల్లీ కూతుళ్ళే మిగిలారు.

ఆలిస్ రెండు పుస్తకాలూ ఒళ్ళో పెట్టుకుని పేజీ పక్కన పేజీ తిప్పింది. ఊళ్ళు ఒకటే. బల్లలు ఒకటే. చివరికి పాలావిడ కుక్క కూడా ఒకటే. ఒక్కచోట వేలు ఆగింది.

అక్రోటు చెట్టు బల్ల నుంచి పడవల రేవుకి నడక. తమ పుస్తకంలో నలభై నిమిషాలు. ఆ పుస్తకంలో ఇరవై.

మళ్ళీ తిప్పింది. అన్నెసీ స్టేషను నుంచి సరస్సు ఒడ్డు. ఇరవై. పది. మార్సేల్స్ పాత రేవు నుంచి కొండ మీది గుడి, ఆగి ఆగి ఎక్కితే. అరవై. ముప్పై.

అన్నీ సరిగ్గా సగం.

"అమ్మా, నీ రాతపుస్తకంలో నిమిషాలున్నాయా?"

"నిమిసాలు నాకేటి తెలుసు? సంకలో పిల్లోడూ, సేతిలో పాలబుడ్డీ పట్టుకుని గెడియారం ఎక్కడ సూస్తాను? బల్ల కాడ సుట్ట ముట్టించినాను, రేవు కాడ అయిపోనాది. ఒక గీత పెట్టినాను."

ఒక గీత ఒక చుట్ట. సగం గీత సగం చుట్ట. పుస్తకం టైపు చేసేముందు ఎర్నెస్ట్ గడియారం ఎదట తల్లిని కూర్చోబెట్టి ఒక చుట్ట కాల్పించాడు. నిప్పు లోపలుంటే గాలి తగలదు. నెమ్మదిగా కాలుతుంది. నలభై నిమిషాలు పట్టింది. అల్లుడు బడికి వెళ్ళిన వేళ అది. ఇంట్లో మిగతావాళ్ళంతా కడుపుబ్బ నవ్వారు. టైపు కాగితాలు ఆఫీసు ఇనప్పెట్టెలోనే ఉన్నాయి. అవి చూసినవాడయితే నలభై అనే రాసేవాడు.

అంటే దొంగ చూసింది గీతలు. గీతంటే చుట్ట అని వాడికి తెలుసు. కానీ మేరమ్మ చుట్ట ఎలా కాలుస్తుందో తెలీదు. అందరు మగవాళ్ళలాగే కాలుస్తుందనుకుని చుట్టకి ఇరవై చొప్పున వేసుకున్నాడు.

ఈస్టరు ముందు మూడు రోజులు ఆ రాతపుస్తకం ఎవరి దగ్గరుందో ఆలిస్‌కి తెలుసు. చదువుతానంటే తనే ఇచ్చింది. ఈ గీతలేమిటని ఆయన అడిగితే, "చుట్టలండీ, మా అమ్మ లెక్క," అని తనే నవ్వుతూ చెప్పింది.

తలెత్తి చూసింది. తల్లి తననే చూస్తోంది. కాళ్ళ దగ్గర పీట కింద, నీళ్ళలో చుట్ట తేలుతోంది.

"నీకు తెలుసా?"

"ఇప్పుడే తెలిసినాది. నీ మొకం సూసి." మేరమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. "ఒలమ్మీ, ఆ ముక్క నీ నోట రానీకు. నీ కాపరం నిలబడాల. నా పయానం పోతే పోనాది."

"మరి అప్పారావు మావఁ?"

మేరమ్మ పట్టు సడలింది.

కింద లంచా గంట మోగింది.

*

ట్రెన్లీ దొర ఎర్రటి మొహం, బట్టతల. ఎదట బల్ల మీద తెల్లకాగితం, కలం సిద్ధంగా ఉన్నాయి. ఇంటి నుంచి వచ్చిన అయిదుగురూ ఎదట నిలబడేసరికి మూడు దాటి అయిదు నిమిషాలు.

"పేరు తెచ్చావా?" అన్నాడు ఎర్నెస్ట్‌తో.

జ్ఞానదాసు ముందుకొచ్చాడు. చక్కటి ఇంగ్లీషులో, తొందర లేకుండా, తాళం లేని పెట్టె గురించీ రేవు కూలీల గురించీ చెప్పాడు. దొర తల ఊపుతూ విన్నాడు. గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ అప్పారావుకి భాష తెలీదు. తన పేరు మాత్రం రెండుసార్లు విన్నాడు.

దొర చెయ్యి బల్ల మీద గంట వైపు సాగింది. పోలీసులకి కబురు పంపడానికి.

"ఒక్క నిమిషం సార్," అంది ఆలిస్. మిషను బడి ఇంగ్లీషు. "ముందు రెండు పుస్తకాల్లో నడక వేళలు చూడండి. ఆ పుస్తకంలో అన్నీ సగం. అది నమ్మి నడిచిన పిల్లల తల్లి ప్రతిచోటా పడవ తప్పిపోతుంది."

దొర కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఒక పేజీ, ఇంకో పేజీ. కనుబొమలు పైకి లేచాయి. "ఎందుకని?"

ఆలిస్ తల్లి వైపు తిరిగింది. "అమ్మా, రెండు చుట్టలు తియ్యి. ఒకే కట్టలోవి."

మేరమ్మ అల్లుడి వైపు చూడలేదు. అప్పారావు వైపు చూసింది. అతను మెడలో ఇత్తడి బిళ్ళని గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు.

మేరమ్మ తల మీది పైట కిందికి జార్చింది. నడుము దగ్గర సంచిలోంచి రెండు చుట్టలు తీసి, ఒకటి అప్పారావుకి ఇచ్చింది.

"కాల్సురా తమ్ముడా."

"దొర ముందరా?"

"మా అల్లుడుబాబు ముందర నాను కాల్సటం లేదేటి? కాల్సు."

ఒకే పుల్లతో రెండూ వెలిగించారు. అప్పారావు మామూలుగా పట్టాడు. మేరమ్మ రెండు దమ్ములు లాగి, చుట్ట తిప్పి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని పెదాలు మూసింది.

"నిప్పు లోపలికా!"

ఆ కేక జ్ఞానదాసుది. దొరకి తెలుగు రాదు. కానీ ఆ గొంతు విని కళ్ళజోడు పైనుంచి ఒకసారి ఆయన వైపు చూశాడు.

గడియారం మూడూ పది.

"కాసేపు ఆగాలి సార్," అంది ఆలిస్. "ఈలోగా పుస్తకంలో లేనివి ఏమైనా మా అమ్మని అడగండి."

దొర నవ్వాడు. ఆటలాగే ఉందతనికి. "సరే. మూడే రోజులున్నవాళ్ళు ముందు ఏం చూడాలి?"

"అన్నీ సూడకూడదు," అంది మేరమ్మ, నిప్పు నోట్లో ఉండగానే, మాట తడబడకుండా. ఆలిస్ ఇంగ్లీషులో చెబుతూ పోయింది. "పొద్దున ఒకటి. సాయంత్రం ఒకటి. మద్దేన నీళ్ళొడ్డున కూకోవాల. దొరసానులు పుస్తకం సేత్తో పట్టుకుని గుళ్ళ ఎంట పరిగెడతారు. రేత్తిరికి కాళ్ళు వాసిపోతాయి, పిల్లలు ఏడుస్తారు, ఊరు గుర్తుండదు. లూసర్న్‌లో ఆ చెక్క వంతెన మీద రెండు పాలి నడవాల. మొదటి పాలి పైన రాసిన బొమ్మలు సూసుకుంటూ. రెండో పాలి కింద నీళ్ళలో ఈదే హంసల్ని సూసుకుంటూ."

"సింహం?"

"సింహం కాడికి తెల్లారే ఎల్లాల. జనం రాకముందు. అది ఏడుస్తాది కదా, నలుగురిలో ఏడుపు బాగోదు."

దొర పగలబడి నవ్వి, ఖాళీ కాగితం మీద ఆ మాట రాసుకున్నాడు.

"పడవలో ఎక్కడ కూర్చోవాలి?"

"పొగగొట్టానికి ఎనకాతల. పిల్లలకి ఎచ్చగా ఉంటాది, మసి పడదు. ఎండొస్తే ఎడమ పక్క. అన్నెసీలో అయితే మంగళారం సంత సూడాల. కాలవ గట్టు మీద జున్ను, పళ్ళు, పూలు పెట్టుకుని కూకుంటారు. బాస రాకపోయినా పరవాలేదు. ఏలెట్టి సూపిస్తే ఇస్తారు, రుసి సూడమంటారు."

ఎర్నెస్ట్ గోడకి ఆనుకుని వింటున్నాడు. తల్లి ఇంతసేపు తల మీద పైట లేకుండా ఓ దొర ఎదట మాట్లాడటం అతను ఎన్నడూ చూడలేదు.

"అబ్బా!" అప్పారావు వేళ్ళు దులుపుకున్నాడు. చుట్ట పీక దాకా కాలింది. "అయిపోనాది దొరా."

మూడున్నర. సరిగ్గా ఇరవై నిమిషాలు.

మేరమ్మ నోట్లోంచి చుట్ట తీసి చూపించింది. ఇంకా సగం ఉంది.

దొర నవ్వు ఆగిపోయింది. ఒక పుస్తకం చూశాడు, ఇంకోటి చూశాడు. చుట్టని చూశాడు. ఆలిస్ రాతపుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. అక్షరాల మధ్య నిలువు గీతలు.

"ఇదీ సార్ మా అమ్మ గడియారం."

మిగిలిన ఇరవై నిమిషాలూ దొర గడియారమే చూస్తూ కూర్చున్నాడు. చుట్ట మూడూ యాభైకి ఆరింది. జ్ఞానదాసు రెండుసార్లు గొడుగు చేతులు మార్చాడు.

"అయితే దొంగ గీతలు చదివాడు," అన్నాడు దొర నెమ్మదిగా. "చుట్టలని అతనికి తెలుసు. కానీ ఈవిడ చుట్ట ఎలా కాలుస్తుందో ఎన్నడూ చూడలేదు. ఈ మేస్త్రీ చూశాడా?"

"రోజూ చూస్తాడు. ఆ చుట్టలు తెచ్చేది ఆయనే."

"ఎర్నెస్ట్?"

"గడియారం పెట్టి లెక్క కట్టింది అన్నయ్యే."

"మరి మీ ఇంట్లో చూడనిది ఎవరు?"

ఎర్నెస్ట్ గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. ఇప్పుడు అతనికీ అర్థమయింది. అప్పారావు భాష రాకపోయినా నేల వైపు చూడసాగాడు.

"ఆలిస్, ఇంటికి పద," అన్నాడు జ్ఞానదాసు తెలుగులో. "పద అంటున్నాను."

మేరమ్మ కూతురి వైపు చూసింది. వద్దు అని తల అడ్డంగా ఊపబోయి, మధ్యలో ఆపేసింది. ఆరిన చుట్టని దాచుకోవాలన్న ధ్యాస కూడా లేదామెకి.

"ఆయన," అంది ఆలిస్.

"ఆయన అంటే?" దొర కలం సిరాలో ముంచాడు. "ఆయన అని నేను రాసుకోలేను. నాకు పేరు కావాలి."

ఆరేళ్ళలో ఆలిస్ ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు. పలకకూడదు. జనాభా లెక్కలవాళ్ళు ఇంటికొచ్చి అడిగినప్పుడు సిగ్గుతో లోపలికి పరిగెత్తి, చెప్పు మావఁ అని అప్పారావుని గుమ్మంలోకి తోసింది. చర్చి రిజిస్టరులో రాయవలసి వస్తే అన్నయ్య చేత చెప్పించింది.

"నేను చెబుతాను సార్," అని ఎర్నెస్ట్ నోరు తెరిచాడు.

ఆలిస్ చెయ్యెత్తి ఆపింది.

దొర సొరుగు లాగి ఓడ టిక్కెట్టు బయటికి తీశాడు. మేరీ అన్న పేరు పైకి కనపడేలా బల్ల మీద పెట్టాడు. దాని కింద ఇంకో టిక్కెట్టుంది. పేరు రాయవలసిన చోటు ఖాళీగా ఉంది.

ఆలిస్ ఆ ఖాళీని చూసింది. తరవాత మొగుడి కళ్ళలోకి సూటిగా చూసింది. తన పేరు ఆ నోట ఎలా ఉంటుందో ఎన్నడూ వినని మనిషి, అది వినపడకుండా ఉండాలని మొదటిసారి కోరుకుంటున్నాడు.

"జ్ఞానదాసు," అంది.